నలుగురికి హాజరు

అమెరికాలో, శాంటా క్లారాలోని మా అపార్ట్‌మెంట్ల నుంచి కార్లన్నీ మా భర్తలతో ఆఫీసులకు వెళ్లిపోయాక, ఖాళీ కార్ పార్కింగ్‌లో ఆవిడ మా నలుగురికీ హాజరు తీసుకుని వ్యాయామం చేయించేది. గుంటూరులో డ్రిల్ టీచరుగా పనిచేసిందట. ఇక్కడ ఆవిడా మాలాగే భర్త వీసా మీద వచ్చింది. ఆ రోజుల్లో ఆ వీసా మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు.

“నలుగురికి అటెండెన్స్ ఎందుకు మేడం?” అని నవ్వేదాన్ని.

“నలుగురే కాబట్టే, ఒక్కళ్లు రాకపోయినా వెలితి పడిపోద్ది. ముందు ఆ మోకాలు సరిగ్గా వంచు.”

ఒకసారి నేను మూడు రోజులు వెళ్లలేదు. తల దువ్వుకోబుద్ధి కాలేదు, తలుపు తీయబుద్ధి కాలేదు. నాలుగో రోజు బాల్కనీ కింద నుంచి నా పేరు వినిపించింది. పిలుస్తూనే ఉంది. విసుగొచ్చి “ప్రెజెంట్ మేడం!” అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ రోజు మా హాల్లోనే సోఫా జరిపి అందరిచేతా చేయించింది.

వెళ్తూ హాజరు పుస్తకం మరిచిపోయింది. తెరిచి చూశాను. మా నాలుగు పేర్ల కింద ఐదో పేరు ఉంది, ఆవిడదే. రోజూ అందరికంటే ముందొచ్చి నిలబడే మనిషి, ఆ పేరు ఎదురుగా ఒక్క రోజూ వదలకుండా ‘ఆబ్సెంట్’ అని రాసుకుంది.