శుక్రవారం మోసిన స్కీలు

తొంభైల మొదట్ల నేను గల్ఫ్‌ల బర్కా దగ్గర ఒక కంపెనీల మేస్త్రీగ చేసిన. మా రూమ్‌ల వెనకనే పెద్ద ఇసుక దిబ్బలు. ఒక శుక్రవారం, సెలవు రోజే, ఫోర్‌మన్ పొద్దుగాల నన్ను లేపి ఇంజనీర్ సార్ వెంట పొమ్మన్నడు. సార్ వాళ్ల దేశంల మంచు మీద జారే స్కీలు తెచ్చుకున్నడట, ఇక్కడ ఇసుక మీద జారుతడట.

ఆ స్కీలు భుజాన వేసుకొని దిబ్బ ఎక్కిన. అడుగు వేస్తే చీలమండల దాక దిగబడుతున్నది. సార్ ఉత్త చేతులతోని వెనక వచ్చిండు. పైన వాటిని కాళ్లకు కట్టుకొని సర్రున కిందికి జారిండు. నేను దిగిపోయి మళ్లీ ఎత్తుకున్న. ఇట్ల మూడు సార్లయింది. నాలుగోసారి పైకి చేరినంక, వచ్చీరాని ఇంగ్లీషుల "సార్, నేను ఒక్కసారి జారుత" అని అడిగిన.

సార్ నవ్విండు. "వద్దు. నీ కాలు విరిగితే రేపు డ్యూటీకి ఎవరొస్తరు?"

నాకు ఒళ్లు మండింది. నా కాలంటే ఆయనకు డ్యూటీకొచ్చే కాలు, అంతే. ఆయన కిందికి జారంగనే నేను అవతలి దిక్కు దిగి రూమ్‌కు వచ్చేసిన. పిలుస్తనే ఉన్నడు. తిరిగి చూడలేదు.

తెల్లారి ఫోర్‌మన్ నిలదీసిండు. "సార్ పని మధ్యల ఇడిసిపెట్టి వస్తవా?"

"అది పని కాదన్నా, ఆయన ఆట. శుక్రవారం నాది" అన్న.

మరుసటి వారం ఫోర్‌మన్ మా రూమ్‌ల ఇంకొకాయనను సార్ వెంట పంపిండు. ఆయన స్కీలు మోసుకుంట దిబ్బ ఎక్కుతుంటే కిటికీల నుంచి చూసిన. ముందటి వారం కంటె ఎక్కువ కోపమొచ్చింది.