ఆరు మొక్కల దాకా పర్లేదట

గంజాయి పెంచుతున్నారన్న అనుమానంతో మా అక్కావాళ్ళింటికి సిటీ వాళ్ళు తనిఖీకి వచ్చారు. కాలిఫోర్నియాలో శాన్ రామన్‌కి అరగంట దూరంలో ఉంటుందా ఇల్లు. ఉద్యోగం వచ్చినప్పటి నుంచి పైగదిలో నేనూ ఉంటున్నాను.

వాళ్ళ అనుమానంలో తప్పు లేదు. కార్లు పెట్టాల్సిన గరాజ్‌లో మా అక్క కరివేపాకు పెంచేది. చలికాలం తట్టుకోవాలని ఊదారంగు లైట్లు, రెండు హీటర్లు, ఒక ఫ్యాను. వేడి బయటికి పోకుండా బావ కిటికీకి వంటింటి ఫాయిల్ అంటించాడు. కరెంటు వాడకం చుట్టుపక్కల ఏ ఇంటికీ లేనంత. రోడ్డు మీద నుంచి చూస్తే నేనే పోలీసులకి ఫోన్ చేసేదాన్ని.

మధ్యలో నా కంటే ఎత్తున తల్లి చెట్టు, చుట్టూ కుండీల్లో దాని పిలకలు. ఇంట్లో వ్రతమైనా పుట్టినరోజైనా అక్క ఇచ్చే రిటర్న్ గిఫ్ట్ ఒక పిలక. చెట్టుకి నీళ్ళెవరు పోస్తారని మూడేళ్ళుగా ఏ ట్రిప్పుకీ వెళ్ళలేదు. బావ దాన్ని "మా పెద్దమ్మాయి" అనేవాడు, పిల్లలు లేని ఇంట్లో అది పూర్తిగా జోకు కాదు.

ముందురోజు తలుపుకి నోటీసు అంటించి వెళ్ళారు. విద్యుత్ భద్రతా తనిఖీ, రేపు పదింటికి.

"వైరింగ్ చూస్తారట. చూసుకోనీ," అన్నాడు బావ.

నేనప్పటికే ఫోన్‌లో వెతికేశాను. "వైరింగూ కాదు, ఏమీ కాదు బావా. గంజాయి అనుకుంటున్నారు."

"నేను సిగరెట్ కూడా కాల్చను కదే."

"ఆ సంగతి నీ మీటర్‌కి తెలీదుగా."

మర్నాడు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్, ఫైర్ డిపార్ట్‌మెంట్ ఆవిడ వచ్చారు. పోలీసాయన మాత్రం కార్లోనే కూర్చున్నాడు. నేను వీడియో ఆన్ చేసి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"వారెంట్ ఉందా?"

"లేదండీ. మీరు వద్దంటే వెళ్ళి తెచ్చుకుంటాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఇంగ్లిష్‌లోనే అయినా ఆ మర్యాదకి నాకు ఇంకా మండింది. బావ నన్ను పక్కకి జరిపి, కాఫీ తాగుతారా అని అడుగుతూ లోపలికి తీసుకెళ్ళాడు.

గరాజ్‌లో ఇన్‌స్పెక్టర్ చెట్టుని కిందినుంచి పైదాకా చూశాడు. ఆకు నలిపి వాసన చూశాడు. "ఇది గంజాయి కాదు," అన్నాడు, కొంచెం నిరాశగా. "అదైతే ఈ రాష్ట్రంలో ఇంటికి ఆరు మొక్కల దాకా పర్లేదు, తెలుసా?"

ఎక్స్‌టెన్షన్ వైర్లు ఒకదాంట్లో ఒకటి గుచ్చినందుకు బావకి క్లాసు పీకి, కాగితం రాయడం మొదలుపెట్టాడు. అంతటితో అయిపోయేదే. కానీ రాస్తూ రాస్తూ, "ఇంత కరెంటు ఉత్త ఆకుల కోసమేనా?" అన్నాడు.

నాకు తిక్కరేగింది. "అంటే మేం అబద్ధాలు చెప్తున్నామా?" అని ఫోన్ తీసి స్క్రోల్ చేశాను. లాస్ ఏంజెలెస్ దగ్గర మా బాబాయ్ పెరట్లో చెట్టు. మా కారు వెనక సీట్లో బెల్టు పెట్టుకుని చెట్టు. కింద తేదీ, ఊరు. "చూడండి. మా బాబాయ్ ఇంటి నుంచి మేమే తెచ్చుకున్నాం."

ఫైర్ ఆవిడ ఫోటో దగ్గరికి వంగింది. వాళ్ళింట్లో నిమ్మచెట్లున్నాయట. నిమ్మ, నారింజ చెట్లని చంపే తెగులు లాస్ ఏంజెలెస్ వైపు ఉందని, అది మోసే పురుగు కరివేపాకు మీదా బతుకుతుందని, అక్కడి మొక్కలు బయటికి తేకూడదని మెల్లగా చెప్పింది. ఇన్‌స్పెక్టర్ కౌంటీ వ్యవసాయ శాఖకి ఫోన్ చేశాడు.

అక్క చెట్టు మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. బావ నవ్వు మొహం పెట్టుకునే నాతో తెలుగులో అన్నాడు. "తల్లీ, ఇంకా ఫోటోలుంటే అవీ చూపించెయ్."

రెండ్రోజులకి వ్యవసాయ శాఖ ఆయన భూతద్దంతో వచ్చాడు. లేతాకుల మీద పసుపు చుక్కల్లాంటి ఆ పురుగు గుడ్లు అక్కకీ చూపించాడు. చెట్టుని ముక్కలుగా కోసి నల్ల సంచుల్లో మూటగట్టారు. అక్క కళ్ళల్లో చుక్క నీళ్ళు రాలేదు. పిలకలు ఎవరెవరికి ఇచ్చారని ఆయన అడిగాడు.

"గుర్తులేదని చెప్పక్కా," అన్నాను.

"నోర్ముయ్యవే. వాళ్ళ పక్కిళ్ళ నిమ్మచెట్లేం పాపం చేశాయి?"

పేర్లన్నీ తనే రాసిచ్చింది. సాయంత్రం ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఒక్కొక్కరికీ చెప్పడం మొదలుపెట్టింది. మొదటి ఆంటీ మొత్తం విని, "అయితే గంజాయి కాదన్నమాట. మా వాట్సాప్ గ్రూప్‌లో అలాగే వచ్చిందమ్మా," అంది.

"కాదాంటీ. మీ మొక్క కూడా ఇచ్చెయ్యాలి. రేపు మీ ఇంటికి వస్తారు."

అవతల తలుపు తీసిన చప్పుడైంది.

"మొన్ననే కొత్త చిగురేసిందే," అందావిడ. "నీ పేరే పెట్టాను దానికి."

అప్పుడు ఏడ్చింది అక్క. మిగతా ఫోన్లు నేను చేశాను.