చివరి పదహారు పేజీలు

నా స్నేహితుడు ఆపరేషన్‌కు భయపడలేదు. సగంలో ఉన్న నవలలో గూఢచారి పగ తీరిందో లేదో తెలియకుండా మత్తుమందు ఎక్కించుకోవడానికే భయపడ్డాడు. నాంపల్లిలో ఒక దవాఖానలో మంచం పక్కన కూర్చుని నాలుగు రోజులుగా ఆ పాత నవల చదివి వినిపిస్తున్నాను. ప్రాణమిత్రుణ్ణి చంపినవాడి కోసం ఆ గూఢచారి ఇస్తాంబుల్, వియన్నా, హాంకాంగ్ తిరుగుతాడు. మేమిద్దరం గన్‌ఫౌండ్రీలో ఒకే ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తాలం, బీదర్ దాటి ఎరగం. శనివారం సాయంత్రం హంతకుడి గుమ్మం దాకా వచ్చాక చూద్దును కదా, చివరి పదహారు పేజీలు లేవు. బైండింగ్ చేసిన మహానుభావుడు వాటి బదులు వంటల పుస్తకం పేజీలు కుట్టిపడేశాడు. గూఢచారి తలుపు తట్టగానే గుత్తివంకాయ కూర మొదలైంది. నాకు ఒళ్లు మండిపోయింది. వాడు మాత్రం నవ్వి, "సోమవారం పొద్దుగాల్నే కోస్తరంట. గా లోపల జర కనుక్కోరా" అన్నాడు.

ఫోన్‌లో ఎంత వెతికినా దొరకలేదు. ఆదివారం పొద్దున్నే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆ పుస్తకం అమ్మిన ముసలాయన దగ్గరికి పోట్లాటకే వెళ్లాను. ఆయనకు చదువు రాదు. పుస్తకం తిరిగిస్తే సగం ధరకు తీసుకుంటాడు గాని, ముందు కథంతా చెప్పించుకుంటాడు. రేపు కొనేవాళ్లకు చెప్పాలి కదా.

"ఏం కాకా, పుస్తకాలు అమ్ముతున్నవా, వంకాయలు అమ్ముతున్నవా?" అన్నాను.

సంగతంతా విని, అట్ట మీది బొమ్మ చూసి లేచి నిలబడ్డాడు. "గీ కథ ఎప్పుడో ఒక టీచరమ్మ చెప్పింది సార్. ఆఖరు దాంక యాదికుంది. నడువుండ్రి, పోదాం."

పక్కాయనకు పుస్తకాలు చూడమని చెప్పి, వారంలో బేరమయ్యే ఆ ఒక్కరోజున నాతో ఆటో ఎక్కాడు.

మంచం పక్కన స్టూలు మీద కూర్చుని మొదలుపెట్టాడు. అక్షరమ్ముక్క రాని మనిషి, హాంకాంగ్ రేవును వానతో సహా మా కళ్లముందు నిలబెట్టాడు. పక్క మంచాలవాళ్లు మూలగడం మానేశారు. సెలైన్ మార్చడానికొచ్చిన నర్సమ్మ గోడకానుకుని నిలబడిపోయింది. పెద్ద చదువరినని ఇన్నేళ్లూ మిడిసిపడ్డందుకు నాకు సిగ్గేసింది.

గూఢచారి హంతకుణ్ణి చంపాడు. ఓడెక్కాడు. "గంతే సార్, ఖతం."

నా స్నేహితుడు ఆయన వైపు తిరిగి అడిగాడు. "పగ తీరినంక మరి దోస్తు యాదికి రాలేదా ఆయనకు?"

ముసలాయన ఆలోచించాడు. "గది నాకెవ్వలు చెప్పలే సార్" అన్నాడు. ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. చెప్పలేదు.

సోమవారం ఆపరేషన్ బల్ల మీదే వాడు పోయాడు. ఎవరి తప్పూ లేదు, గుండె ఆగింది. పగ పడదామంటే నాకు మనిషే దొరకలేదు.

రెండు ఆదివారాలు అబిడ్స్ వైపు పోలేదు. మూడో ఆదివారం వెళ్లి ఆయన ముందు గొంతుక్కూర్చున్నాను.

"గా రోజు మావోడు అడిగిండు గదా కాకా. జవాబు నేను చెప్త. యాదికొస్తడు. ఆఫీసుల కూసున్నా యాదికొస్తడు, అన్నం ముందర కూసున్నా యాదికొస్తడు."

ఆయన తలూపాడు. మరిచిపోకుండా ఉండడానికి కాబోలు, ఆ మాటలు పెదాలు కదుపుతూ ఒకసారి తనలో తాను అనుకున్నాడు.