మెహమూద్ నోటి పర్సోం

టైలర్ మెహమూద్ బిడ్డ జబీన్ గురించి మా గల్లీలో ఒక మాట నడుస్తోంది. నల్లా దగ్గర మొదలై కిరాణా దుకాణం దాకా, అక్కడి నుంచి జడ్చర్ల బస్టాండు దాకా పోయింది. తండ్రి నెలల తరబడి ఛాతీ నొప్పితో తిప్పలు పడుతూ ఫోన్‌లో చెప్పుకుంటే, ఢిల్లీలో పోలీసు కొలువు చేసే ఆ పిల్ల "కాపడం పెట్టుకో" అన్నదట. తీరా మట్టి అయిపోయాక విమానమెక్కి వచ్చిందట. ఇందులో అబద్ధం ముక్క ఒక్కటి కూడా లేదు. అయినా ఆ మాట తప్పు. అదెట్లాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మెహమూద్ దుకాణం మా ఇంటికి ఎదురుగానే. ఒక మిషను, ఒక బల్ల, కొక్కేలకు వేలాడే ఊరందరి బట్టలు. భార్య బుష్రా, జబీన్ తప్పటడుగులు వేసే వయసులోనే కన్నుమూసింది. మళ్ళీ నిఖా చేసుకోమని అందరూ చెప్పారు, నేనూ చెప్పాను. "పర్సోం చేసుకుంట తియ్ అక్కా" అని నవ్వేవాడు. ఏది అడిగినా అదే జవాబు.

పర్సోం అంటే ఉర్దూలో మొన్న. రాబోయే ఎల్లుండి కూడా పర్సోమే. మా దిక్కు మనుషుల నోట్లో దానికి కొలతే లేదు. బిడ్డ పెళ్ళై ఇద్దరు పిల్లల తల్లి అయినా, మొన్ననే చేశామన్నట్టు "పర్సోం ఇచ్చ్ షాదీ చేసినం" అంటారు. మెహమూద్ పర్సోం మరీ పొడుగు.

"ఏమయ్యా, పర్సోం ఇస్తనంటివి" అని గోవిందమ్మ దుకాణం ముందు నిలబడి గొడవ పెట్టుకునేది. "నీ పర్సోం వచ్చేటాళ్ళకు నేను చిక్కి సగమైత!"

"మంచిదే గద అక్కా, బట్ట మిగుల్తది" అనేవాడు, మిషను ఆపకుండానే.

ఒక్క జబీన్ బట్టలే ఏ పూటకాపూట తయారయ్యేవి.

ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ పోలీసు కావాలని పట్టుదల. ఇక్కడి పరీక్ష రాసింది, పరుగు గెలిచింది, మార్కులు చాలలేదు. తర్వాత ఢిల్లీ పోలీసులో కొలువు వచ్చింది. తల్లి లేని ఆడపిల్లను అంత దూరం ఎట్లా పంపుతావని అడిగాను.

"ఖాకీ బట్ట గీడైతేంది, గాడైతేంది అక్కా? కుట్టు ఒక్కటే" అన్నాడు మెహమూద్. అన్నాడు గానీ, ఆ దినమంతా సూదిలోకి దారం ఎక్కించలేకపోయాడు. నేనే ఎక్కించి ఇచ్చాను.

మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు, యూనిఫాం నడుము దగ్గర వదులైందని మొత్తం విప్పి మళ్ళీ కుట్టాడు. కుట్టి, బిడ్డకు తొడిగించి, దుకాణం మెట్టు మీద నిలబెట్టి గుండ్రంగా తిప్పించాడు. "అబ్బా, చాలు" అని ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది.

ఢిల్లీలో ఆ పిల్లకు కష్టమల్లా మాటతోనే వచ్చింది. అవునుకు మన "హౌ", వద్దుకు మన "నక్కో" వింటే అక్కడ నవ్వేవారట. ఒకసారి ఒకామె ఠాణాకు వచ్చి, పర్సోం తన మెడలో గొలుసు తెంపుకుపోయారని చెప్పింది. జబీన్ మన చెవులతో విని, కొన్ని రోజుల కింద పోయిందని రాసింది. ఆమె లబలబలాడింది, సరిగ్గా మొన్ననే పోయిందని. "ఇక్కడ పర్సోం అంటే పర్సోమే" అని పై సారు గట్టిగా చెప్పాడట.

మెహమూద్ ఈ సంగతి చెప్పి కడుపు పట్టుకుని నవ్వాడు. "నా బిడ్డకు ఢిల్లీవాళ్ళు పర్సోం నేర్పిస్తున్నరక్కా!"

"నీక్కూడ జర నేర్పమను. గోవిందమ్మ జాకెట్ పూర్తయితది" అన్నాను.

నవ్వు తగ్గాక మెల్లగా అన్నాడు. "ఇప్పుడు నక్కో అంటలేదక్కా. నహీ అంటాంది. ఫోన్‌ల ఎవరో పెద్ద సార్ మాట్లాడినట్టే ఉంటది."

పోయిన బక్రీద్ నుంచి మిషను తొక్కుతూ తొక్కుతూ ఛాతీ మీద చెయ్యి పెట్టుకునేవాడు. పెద్ద దవాఖానలో చూపించుకోమని ఇక్కడి డాక్టరు చెప్పాడు. "పర్సోం పోత" అన్నాడు. బిడ్డకన్నా చెప్పమని నేను వెంటపడ్డాను. ఒకనాటి సాయంత్రం చేతిలో పని ఉందని ఫోన్ బల్ల మీద పెట్టి, స్పీకరు వేసి మాట్లాడాడు. నేనున్నాను, జాకెట్ కోసం వచ్చిన గోవిందమ్మ ఉంది.

"పర్సోం సే ఛాతీల జర దర్ద్ ఉన్నది బేటా."

"సెలవు పెట్టి రానా అబ్బా?"

"నక్కో నక్కో. రంజాన్‌కు వస్తవ్ గద."

"అయితె గరం గుడ్డతోని కాపడం పెట్టుకో. తగ్గకుంటె దవాఖానకు పో."

గోవిందమ్మ నా దిక్కు చూసింది. నేను ఆమె దిక్కు చూశాను. ఇన్ని నెలల నొప్పికి కాపడమా అని ఇద్దరికీ ఒక్కసారే అనిపించింది. గోవిందమ్మ ఆ మాట మోసుకుపోయింది.

తర్వాత కొన్నాళ్ళకే, ఒక పొద్దున మిషను మీద తల వాల్చి పడుకున్నట్టు కనిపించాడు. లేవలేదు. ఆ సాయంత్రం అసర్ నమాజు కాకముందే ఖబ్రస్తాన్‌కు తీసుకుపోయారు. జబీన్ వచ్చేసరికి పరామర్శకు పరిచిన చాప కూడా ఎత్తేశారు. ఆ పిల్ల ఎవరినీ పట్టుకుని ఏడవలేదు, మా ఆడవాళ్ళెవరూ దగ్గరికి తీసుకోలేదు.

నలభయ్యో దినానికి మళ్ళీ వచ్చింది. దుకాణం తెరిచి, కొక్కేలకున్న బట్టలు ఎవరివి వాళ్ళకు ఇవ్వసాగింది. గోవిందమ్మ జాకెట్‌కు హుక్కులు మాత్రమే మిగిలాయి. తండ్రి స్టూలు మీద కూర్చుని తనే కుట్టింది. గోవిందమ్మ తీసుకుని వెళ్ళిపోయింది.

నా నోరు ఆగుతుందా?

"బిడ్డా, అడుగుతున్నననుకోకు. మీ నాయిన నొప్పి సంగతి నీకు చెప్పంగ ఈ చెవులతోని విన్న. చెప్పిండా లేదా? గన్ని నెలల నొప్పికి కాపడమేంది?"

సూది బల్లకు గుచ్చి, నా ముఖంలోకి చూసింది.

"చెప్పిండు పెద్దమ్మా. పర్సోం సంది అన్నడు. నేను ఢిల్లీ పర్సోం అనుకున్న. రెండు దినాల నొప్పే గద అని కాపడం పెట్టుకొమ్మన్న."