ఎదురొచ్చే అక్క

సూర్యాపేటలో మా పక్కింటి అక్క భర్త పోయాక, విధవ ఎదురైతే ప్రయాణం చెడుతుందని సందంతా ఆమెను పొద్దున్నే వాకిట్లోకి రావద్దంది. ఆయన వదిలిపోయిన కారు మీదే అక్క డ్రైవింగ్ నేర్చుకుంది, లైసెన్సు తీసుకుంది, బండికి ఎల్లో ప్లేటు పెట్టించి క్యాబ్ యాప్‌లో చేరింది. ఏ ఇంటికి పిలిచినా కారు దిగి, సరిగ్గా గేటుకు ఎదురుగా నిలబడేది.

ఒక పొద్దున మా ఇంటి ఓనరు మిర్యాలగూడలో పెళ్లికని, డ్రైవరెవరో చూడకుండానే బండి బుక్ చేశాడు. గేటు తీసి అక్కను చూశాడు. అందరూ చేసే పనే చేశాడు. కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరదామని వెనక్కి తిరిగాడు.

అక్క అక్కడి నుంచి కదల్లేదు.

“నిమ్మళంగ తాగి రాండ్రి సేటూ. మల్లొచ్చినా ఎదురుంగ నేనే ఉంట,” అన్నది.