మూడో మాల

మా చిన్న తమ్ముడు పోయాడు. నిన్నటికి పదకొండో రోజు. వయసు నలభై ఎనిమిది, బస్సు డిపోలో మెకానిక్. డ్యూటీకి బయలుదేరుతూ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడానికి వంగాడు, మళ్లీ లేవలేదు. దగ్గరివాళ్లకు ఫోన్లు చేసి చెప్పాం. మిగిలినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అతని గురించి నాలుగు మాటలు రాయాలి. నా గురించి కూడా ఒక మాట రాయక తప్పదు.

ఒక మామూలు ఏకాదశి పొద్దుతో మొదలుపెడతాను.

జహనుమా బస్తీలో మాది చిన్న మేడ. పైన ఒక గదిలో నేనుంటాను. కింద తమ్ముడు, మరదలు, వాళ్ల అమ్మాయి. దేవుడి గూడు కింది ముందుగదిలో ఉంది. తెల్లవారుజాము అజాన్ అయ్యాక నేను స్నానం చేసి, మెట్లు దిగి వచ్చేసరికి అతను నేల మీద గొంతుక్కూర్చుని రోయింగ్ మిషన్ గొలుసుకు గుడ్డతో నూనె రాస్తుండేవాడు. పొడుగాటి ఇనుప పట్టా, దాని మీద ముందుకూ వెనక్కూ జారే సీటు, ముందర పంజరంలో ఫ్యాను, గొలుసుకు ఒక పిడి. పాదాలు పట్టీల్లో బిగించి పిడి లాగితే సీటు వెనక్కి జారుతుంది, ఫ్యాను హోరుమంటుంది. తెడ్డు వేసినట్టే, నీళ్లు మాత్రం ఉండవు. మొదట్లో లుంగీతోనే కూర్చునేవాడు. లుంగీ ఒకసారి సీటు చక్రాల్లో చుట్టుకున్నాక నిక్కరుకు మారాడు.

"పెద్దక్కా, తయారేనా?"

"నేనెప్పుడో తయారు. నువ్వు ఆ గొలుసును ముద్దులాడుడు అయిపోతే కూసో."

నేను దీపం వెలిగించి మాల చేతిలోకి తీసుకునేదాన్ని. ఏకాదశికి మూడు మాలలు జపం చేస్తాను. ఒక్కో మాల పూర్తయినప్పుడల్లా గంట కొడతాను. అతను నా మొదటి పూసతో మొదటి లాగు లాగేవాడు, మూడో గంటకు ఆపేవాడు. మధ్యలో ఎన్ని లాగులయ్యాయో పెదవులతో పైకే లెక్కపెట్టుకునేవాడు. ఆపాక చెమట తుడుచుకుంటూ లేచి, గోడ మీది తెలుగు క్యాలెండర్లో ఆ ఏకాదశి గడిలో పెన్సిలుతో ఆ అంకె వేసేవాడు. తర్వాత వంటింట్లోకి వెళ్లి జొన్నరొట్టెల ముందు కూర్చునేవాడు. "నువ్వు ఒక్కపొద్దుండు పెద్దక్కా, నీ వంతు సుత నేనే తింట" అనేవాడు. ప్రతిసారీ అదే మాట. ప్రతిసారీ నేను నవ్వేదాన్ని.

ఆ మిషన్ మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి. రెండేళ్ల కిందట డిపోలో ఆరోగ్య పరీక్షలు చేసినప్పుడు డాక్టరు ఇతని పొట్ట తట్టి, దమ్ము తక్కువగా ఉంది, పెంచుకో అన్నాడట. మా గల్లీ చివర పాత సామాను కొనే భాయ్ ఉన్నాడు. ఎక్కడో మూతపడ్డ జిమ్ము సామాను అదే వారం అతని దగ్గరికి వచ్చింది. తమ్ముడు ఈ మిషన్ని భుజాన వేసుకొచ్చాడు. భాయ్ వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడి, "క్యా మియా, పానీ నై, కష్తీ చలా రే?" అని నవ్వాడు. నీళ్లు లేకుండానే పడవ నడుపుతావా అని.

"నీళ్లుంటే మునుగుత భాయ్. నాకు ఈత రాదు."

సీటు చక్రాలు మార్చాడు, గొలుసు సరిచేశాడు. దూరం, వేగం చూపే అంకెల డబ్బా మాత్రం బాగుపడలేదు. మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాడు. "ఇంజనైతే చెవి పెట్టి వింట. ఈ బొమ్మల డబ్బా నాతోని మాట్లాడది" అన్నాడు. మరి దమ్ము పెరిగిందో తగ్గిందో తెలిసేదెలా? ఫోన్లో టైము పెట్టుకొమ్మని అమ్మాయి అంటే వద్దన్నాడు. టైము చూస్తుంటే ఎప్పుడైతదా అని పానం కొట్టుకుంటదట. రెండు ఏకాదశులు వాచీ పెట్టి నా జపం చూశాడు. రెండుసార్లూ ఇరవై ఒక్క నిమిషాలే. "అయిపాయె. మా పెద్దక్కే నా గడియారం" అన్నాడు.

గంట కొడుతూ నేను గర్వపడ్డాను. అది ఒప్పుకోవాలి.

మొదటి ఏకాదశికి నాలుగువందల పది లాగులు. లేచేసరికి ముఖం కందిపోయింది, వారం రోజులు నడుము పట్టేసింది. చేతులతో గుంజుతున్నాడని తర్వాత తనకే తెలిసింది. ముందు కాళ్లతో తన్నాలి, ఆ తర్వాత నడుము వాల్చాలి, చేతులు చివర రావాలి. తిరిగి ముందుకు పోయేటప్పుడు చేతులు ముందు, కాళ్లు చివర. పోవడంలో తొందరపడకూడదు. లాగేటప్పుడు ఊపిరి వదలాలి. ఫ్యాను పక్కన గాలి ఎక్కువ తక్కువ చేసే మీట ఉంటుంది. డిపో దోస్తులు ఎవరైనా వస్తే దాన్ని చివరిదాకా తిప్పి, పది లాగులు లాగి, ఒగరుస్తూ లేచేవాళ్లు. ఇతను ఎప్పుడూ నడుమ పెట్టుకునేవాడు. "మొదట్ల ఉరికినోడు చివర్ల కూలవడ్తడు" అనేవాడు.

వారంలో నాలుగు రోజులు మరదలితో మాట్లాడుతూ లాగగలిగేంత మెల్లగా లాగేవాడు. ఒకరోజు చిన్న చిన్న విడతలుగా గట్టిగా. ఒకరోజు ముట్టేవాడే కాదు. "ఇంజనుకు సుత చల్లార టైమియ్యాలె." లాగుల్లో కక్కుర్తి పడేవాడు కాదు. సగం లాగి లెక్కలో వేసుకోవడం అతనికి చేతకాదు. ఫ్యాను హోరు కాస్త తగ్గినా ఆ లాగును వదిలేసి మళ్లీ లాగేవాడు. "మనిషి అబద్ధమాడతడు గని మిషన్ ఆడది పెద్దక్కా. ఎంత గుంజితే గంతే ఇస్తది."

ఐదువందలు కావడానికి ఏడాది మీద మూడు నెలలు పట్టింది. ఆ రోజు గల్లీ అంతా జిలేబి పంచాడు. నాకు ఒక్కపొద్దు కదా, నా రెండు చుట్టలు గిన్నెలో మూతపెట్టి మర్నాటిదాకా దాచాడు. చల్లబడి గట్టిపడ్డాయి. అంత రుచైన జిలేబి నేను తినలేదు.

ఇక నా మాట.

మొన్న ఎండలు తగ్గుతున్న రోజుల్లో ఒక ఏకాదశి. ముందురోజు డిపోలో రెండు డ్యూటీలు చేసి వచ్చాడు. రెండో గంట కొట్టినప్పుడు అతని పెదవుల మీద మూడువందల ఇరవై రెండు వినబడింది. ఎప్పుడూ అప్పటికి మూడువందల ముప్పై దాటేది. వెనక నుంచి ఊపిరి గరగరమంటోంది. పాపం అలిసిపోయాడు, అంకె తప్పితే దినమంతా ముఖం వేలాడేస్తాడు అనుకున్నాను. మూడో మాలలో పూసను వేళ్ల మధ్య కాస్త ఎక్కువసేపు పట్టుకున్నాను. ఐదువందలు అని వినబడ్డాకే గంట కొట్టాను.

అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్లు. దాగుడుమూతలాడితే వాడికి దాక్కోవడానికి చోటు దొరికేదాకా నేను అంకెలు సాగదీసి లెక్కపెట్టేదాన్ని. ఇది కూడా అలాంటిదే అనుకున్నాను. దేవుడి ముందు కూర్చుని అనుకున్నాను.

మర్నాటి నుంచి బాగవుతాడనుకుంటే కాలేదు. ఆ తర్వాతి ఏకాదశికి ఇంకాస్త పట్టుకోవలసి వచ్చింది. ఆ పైది ఇంకాస్త. అలా ఆరు ఏకాదశులు. మొదటి రెండు మాలల్లో వెనకబడుతున్నట్టు అతనికీ తెలుసు. దానికి తనే ఒక కారణం చెప్పుకున్నాడు. "ఇప్పుడు తెలివొచ్చింది పెద్దక్కా. రెండు మాలలు ఆగుతున్న, మూడోదాంట్ల అందుకుంటున్న. చివర్ల ఎట్ల జోరొస్తుందో చూసినవా?" నేను దీపం వత్తి సరిచేశాను.

మరదలు ఒకసారి కాదు, చాలాసార్లు అంది. "మెట్లెక్కితే ఒగరుస్తున్నవ్. ఒక్కపారి దవఖానకు పోయి గుండె సూపించుకోరాదు?"

"దవఖాన ఎందుకే? గోడ మీద క్యాలెండర్ సూడు. గుండెల ఖరాబుంటే ఐదువందలు గుంజుతరా ఎవరన్న?" అని నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు పెద్దక్కా."

అప్పుడు చెప్పవలసింది. "స్వామి చూసుకుంటడు తియ్యి" అన్నాను. ఆ పేరును అలా అడ్డం పెట్టుకున్నాను.

అతను పడిపోయిన రోజు దవఖానలో డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి, నెలలుగా దమ్ము తగ్గుతూ వచ్చి ఉండాలే, మీరెవరూ గమనించలేదా అని అడిగాడు. కోపంగా కాదు, మామూలుగానే అడిగాడు. మరదలు తలెత్తి, "లేదు సార్. మొన్న ఏకాదశికి సుత ఐదువందల రెండు గుంజిండు" అంది. నేను పక్కనే ఉన్నాను.

మైల రోజులు కనుక పది రోజులు మాల ముట్టలేదు. ముట్టనవసరం లేకపోవడమే మేలనిపించింది.

నిన్న పదకొండో రోజు కార్యం అయ్యాక బంధువులు వెళ్లిపోయారు. సాయంత్రం ముందుగదిలో నలుగురం మిగిలాం. నేను, మరదలు, వాళ్ల అమ్మాయి, బహదూర్‌పురాలో ఉండే మా నడిపి తమ్ముడు. మిషన్ మీద అతని తువ్వాలు ఇంకా అలాగే ఉంది. నడిపివాడు దాన్ని చూసి ముఖం తిప్పుకున్నాడు.

"రేపు భాయ్‌కి చెప్పి దీన్ని మోపిచ్చేద్దాం. గిదే పానం తీసింది వానిది. గుంజి గుంజి గుండె అరిగిపోయింది."

మరదలు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నేను చెప్తనే ఉన్న బావా. అంతగనం ఎందుకయ్యా అని. వింటేగా."

అమ్మాయి గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తోంది. వాళ్ల నాన్న మొండితనం చేసి చచ్చిపోయాడని ఆ పిల్ల నమ్మబోతోంది. ఇక ఊరుకుంటే అది ఆరు ఏకాదశుల కంటే పెద్ద అబద్ధమవుతుంది.

"మిషన్‌ది తప్పు కాదు. వాడిదీ కాదు" అన్నాను. పూసలు పట్టుకున్న సంగతి అంతా చెప్పాను. ఏడవకుండానే చెప్పాను.

ఫలక్‌నుమా వైపు లోకల్ రైలు పోతున్న చప్పుడు వినబడింది. నడిపివాడు, "నీకు తెల్వక చేసినవ్ అక్కా" అనబోయాడు. మరదలు చెయ్యెత్తి ఆపింది.

"తెలిసే చేసినవ్. ఆయన నిన్ను గడియారమనుకున్నడు వదినా" అంది. అంతకంటే గట్టిగా అనలేదు. అనుంటే బాగుండేది.

అమ్మాయి లేచి క్యాలెండర్ మేకు నుంచి తీసి నా ఒళ్లో పెట్టింది. పెన్సిల్ కూడా ఇచ్చింది. "నిజం అంకెలు తెలుసా అత్తమ్మా నీకు?"

తెలుసు. ప్రతిసారీ రెండో గంటకు అతని నోటి అంకె విన్నదాన్ని. దానికి సగం కలిపితే మూడు మాలల లెక్క. ఎన్నిసార్లు మనసులో వేసుకున్నానో. అతని అంకెలు చెరపలేదు. ఒక్కోదాని కింద చిన్నగా రాశాను. మొదటి గడిలో నాలుగువందల ఎనభై మూడు. అక్కడి నుంచి మెట్లు దిగినట్టు దిగుతూ ఆరో గడిలో నాలుగువందల ఇరవై. రెండేళ్ల కిందట మొదలుపెట్టిన చోటికే వచ్చేశాడు. అమ్మాయి ఆ అంకెల మీద వేలు పెట్టి పై నుంచి కిందికి జరిపింది. "నాన్న చెప్తనే ఉన్నడు" అంది.

దీపం పెట్టే వేళకు ఇంట్లో కొన్ని మాటలు ఖాయమయ్యాయి. అన్నీ మరదలే చెప్పింది. మిషన్ ఎక్కడికీ పోదు. నడిపివాడు కూడా మా మెట్లెక్కి ఒగరుస్తున్నాడు కనుక పొద్దున్నే గుండె దవఖానకు పోతాడు, మాట తప్పకుండా చూడటానికి తను వెంట పోతుంది. అంకెల డబ్బా బాగుచేసేవాణ్ని భాయ్ వెతికి తేవాలి. వచ్చే ఏకాదశికి అమ్మాయి సీటు మీద కూర్చుంటుంది.

"మరి గంట?" అన్నాను. అడిగే హక్కు లేదని తెలిసే అడిగాను.

మరదలు తువ్వాలు తీసి మడిచి, పిడి మీదే మళ్లీ పెట్టింది. లోపలికి వెళ్లి తమ్ముడి చేతి వాచీ తెచ్చి దేవుడి గూట్లో మాల పక్కన ఉంచింది.

"నువ్వే కొట్టు వదినా. దీన్ని చూసుకుంట కొట్టు."