జక్కమ్మాళ్ టీచర్ నేర్పిన ఎల్లలు

మా జక్కమ్మాళ్ టీచర్ ఇక లేరు. గత మంగళవారం ఉదయం, కోవిల్‌పట్టిలోని తన కంప్యూటర్ శిక్షణ కేంద్రం తలుపు తెరుస్తూనే కుప్పకూలి కన్నుమూశారు. విరుదునగర్‌లో పనిలో ఉన్న నాకు ఆమె తమ్ముడు ఆ దుర్వార్త చెప్పారు. విన్న తర్వాత కూడా ఎదుట ఉన్న ప్రోగ్రాములో యాంత్రికంగా రెండు పంక్తులు రాశాను. అవేమిటో తర్వాత నాకే అర్థం కాలేదు.

ఒట్టపిడారం దగ్గరి నల్లరేగడి పల్లెలో, ఇంట తెలుగూ వీధిలో తమిళమూ మాట్లాడే సేద్యగాళ్ల కుటుంబంలో పుట్టిన ఆ విదుషి, ఇరవై ఏళ్లకు పైగా మావంటి వారికి వెబ్ ప్రోగ్రామింగ్ నేర్పారు. ఆమె దగ్గర జావాస్క్రిప్ట్ మొదటి పాఠం సంఖ్యల హద్దులు. ఆ భాషలో ముందే పొందుపరచిన స్థిరమైన విలువలు కొన్ని ఉన్నాయి. అది పట్టగల అతి పెద్ద సంఖ్య ఒకటి, దాన్ని మించితే చూపే అనంతం ఒకటి, ఒక్కటి కూడా తేడా రాకుండా నమ్మగల పూర్ణాంకాల చివరి మెట్టు మరొకటి. వాటిని ఆమె ‘ఎల్లలు’ అనేవారు. ఆ చివరి మెట్టు పదహారంకెల సంఖ్య. దాన్ని దాటితే పక్కపక్క సంఖ్యలు ఒకటిగా కలిసిపోతాయి, హెచ్చరిక ఏమీ రాదు.

“మిషను తెలీదని చెప్పదు పాపా. తెలిసినట్టే ఒక నంబరు ఇచ్చేస్తాది. తెలీదనేది మనమే చెప్పాల” అనేవారు.

ఆ మాట పరీక్షలో రాసి మరిచిపోయాను.

నాలుగేళ్ల కిందట ఒక రక్తపరీక్షా కేంద్రానికి నివేదికలు చూపే పేజీ తయారుచేశాను. నమూనాలకు పదిహేనంకెల నంబర్లు. ఏడాది బాగానే నడిచింది. తర్వాత కోవిల్‌పట్టిలో శాఖ తెరిచి, అక్కడి నంబర్ల ముందు రెండంకెలు చేర్చమన్నారు. చేర్చాను. మూడో రోజు గర్వంగా టీచర్‌కు చూపించాను. ఆమె మెచ్చుకోలేదు. అసలు ఎవరినీ అంత తేలిగ్గా మెచ్చుకునే మనిషి కాదు. తెర మీద అంకెలు వేలితో లెక్కపెట్టి, పక్క నంబరు కొట్టమన్నారు. రెండింటికీ ఒకే మనిషి నివేదిక తెరుచుకుంది.

చల్లగా సరిచేసేస్తే ఎవరికీ తెలియదని గొణిగాను. ఆమె కోప్పడలేదు. ఈ మూడు రోజుల్లో ఎన్ని కాగితాలు బయటికి వెళ్లాయని మాత్రం అడిగారు. నంబరును సంఖ్యగా కాక అక్షరాల వరుసగా దాచేలా నా చేత మార్పించి, నన్ను వెంటబెట్టుకుని ఆ శాఖకు వెళ్లారు. జరిగింది చెప్పాం. రిజిస్టరుతో సరిచూస్తే ఆరుగురికి తప్పు నివేదిక అందిందని తేలింది. ఐదుగురు ఫోనులో దొరికారు. ఆరో మనిషి, కయత్తారు దగ్గరి పల్లెలోని ఏడు నెలల గర్భిణి, ఫోనెత్తలేదు. ఆమెకు రక్తం ప్రమాదకరంగా తక్కువ. చేతిలోని కాగితంలో మాత్రం అంతా సవ్యంగా ఉంది.

వెంటనే బస్సెక్కాం. వెతుక్కుంటూ వెళ్లేసరికి ఆమె పత్తి ఏరి వచ్చి వాకిట్లో చతికిలబడి ఉంది. ఆయాసంగా ఉందని, కాగితం బాగుంది కదా అని ఊరుకున్నానని తెలుగులోనే చెప్పింది.

“ఆ కాగితం నీది కాదు తల్లీ” అన్నారు టీచర్. “నీకి రత్తం శానా తక్కువ ఉండాది. తప్పు మాది. ఇప్పుడే ఆస్పత్రికి పోదాము.”

తప్పు నాది. ఆమె ‘మాది’ అన్నారు. ఆస్పత్రిలో రక్తమెక్కించారు; రెండు నెలలకు ఆ తల్లికి ఆడబిడ్డ సుఖంగా పుట్టింది.

ఆనాడు తిరుగు బస్సులో నేను ఏడుస్తుంటే ఆమె ఓదార్చలేదు. “రేపు వచ్చి ఈ పాటం నువ్వే చెప్పు. నీ పేరు పెట్టే చెప్పు” అన్నారు. చెప్పాను. ఆ తర్వాత ప్రతి కొత్త తరగతికీ నా చేతే చెప్పించారు. సిగ్గుగా మొదలైన ఆ పని, ఎప్పుడో నాకు తెలియకుండానే నా వృత్తిధర్మమయింది. ఆ మహోపకారానికి నోరారా కృతజ్ఞత చెప్పుకోనే లేదు. ఈ నాలుగు మాటలే నా నివాళి.

నిన్న ఆమె తరగతి నేను తీసుకున్నాను. ఒక అమ్మాయి చిక్కు ప్రశ్న వేసింది. కనుక్కుని చెబుతానని బయటికి వచ్చాను. ఫోను తీసి, పేరు వెతికి, మీట నొక్కబోయాక గానీ ఆమె లేరన్నది తెలిసిరాలేదు.